గడప ముందర దగ్గు

కొయ్య గుండు తగిలినప్పుడల్లా విల్లు నారి జుంయ్‌మంటోంది. రమాదేవమ్మ ఇంటి పెరట్లో, సపోటా చెట్టు నీడలో గొంతుక్కూర్చుని హుస్సేన్ వలి పాత పరుపు దూదిని ఏకుతున్నాడు. ఏళ్ల తరబడి మనుషుల బరువు మోసి గడ్డకట్టిన దూది, నారి దెబ్బకు విడివడి, గాల్లోకి లేచి అతని కనుబొమల మీద, చెవుల మీది వెంట్రుకల మీద, గళ్ల లుంగీ మీద వాలుతోంది. పొద్దున వచ్చినప్పుడు నల్లటి మనిషి. పన్నెండయ్యేసరికి తెల్లటి ముసలాయన.

నంద్యాలలో అతను పరుపు కుట్టని వీధి లేదు. అతన్ని చూసినట్టు గుర్తున్న మనిషీ లేడు. పోస్టుమన్‌ను ఊరి చివరిదాకా తరిమే కుక్క ఇతను పక్కనుంచి పోతే ఆవులిస్తుంది. జనాభా లెక్కలవాళ్లు వచ్చినప్పుడు మంచినీళ్లు ఇచ్చింది ఇతనే. వాళ్లు తాగి, చెంబు ఇతని చేతికే తిరిగిచ్చి, అతని భార్య పీరాంబీని రాసుకుని, కూతుళ్లిద్దరినీ రాసుకుని, మేక ఎవరిదని కూడా అడిగి, ఇతన్ని మాత్రం వదిలేసి పోయారట. పెళ్లినాడు పెళ్లికొడుకు యాడరా అని పందిరంతా వెతికితే పెళ్లిపీట మీదే ఉన్నాడని బండి ఆత్మకూరులో వాళ్ల మామ ఇప్పటికీ చెబుతాడు. మామ నోట నిజం రావడం అరుదు. అయినా ఆ మాటను ఎవరూ కొట్టిపారేయలేదు.

అలాంటివాడికి ఒక్కటే చప్పుడు. దగ్గు. పరుపులు ఏకేవాడికి పని పెరట్లో. పెరటికి దారి నట్టింట్లోంచి. నట్టింట్లో ఆడవాళ్లు ఎలా ఉంటారో ఏమో. అందుకే వాళ్ల నాయన పని నేర్పిన మొదటి రోజే చెప్పాడు: "గడప ముందర దగ్గల్ల. వాళ్లు కొంగు సర్దుకున్యాక అడుగు పెట్టల్ల." ముప్పయ్యేళ్లుగా హుస్సేన్ వలి దగ్గకుండా గడప దాటలేదు. తన ఇంటికైనా అంతే. మసీదుకైనా అంతే. ఈమధ్య ఆ మర్యాద దగ్గుకు తోడు ఇంకో దగ్గు పట్టుకుంది. అది గడప చూసుకుని వచ్చేది కాదు.

"ఇంకెంతసేపప్పా?" వంటింట్లోంచి రమాదేవమ్మ అడిగింది.

"అయిపాయనమ్మా. కుట్టేదే ఉండాది."

"బేగా కానీ. ఇంక నిన్ను పిల్చే పనుండదులే. మావాడు ఫోము పరుపు తెస్తాండాడు."

"మంచిదే కదమ్మా. దులిపే పనుండదు," అన్నాడు హుస్సేన్ వలి. సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు.

ఆ మాట ఆ యేడు అతనికి చాలా ఇళ్లలో వినిపించింది. పని తగ్గి, మధ్యాహ్నాలు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీలో అతను ఎక్కడికి పోతాడో పీరాంబీకి కూడా తెలియదు. చెబితే నమ్మదని చెప్పలేదు.

బస్టాండు వెనక సందులో దేవరాజు నెట్ సెంటరు ఉంది. నిరుడు అక్కడి సోఫా మెత్తల్లో దూది మార్చడానికి పోయాడు. కాలేజీ పిల్లలు కంప్యూటర్లలో జట్లు కట్టి ఆడుతున్నారు. ఆ రోజు ఒకడు తక్కువయ్యాడు. "ఊరికే కూర్చోన్నా, లెక్కకు," అని మహేశ్ అనేవాడు కుర్చీ లాగాడు. మహేశ్ ఆ జట్టుకు నాయకుడు, డిగ్రీ రెండోసారి చదువుతున్నాడు.

ఆట వినడానికి తేలికే. రెండు జట్లు, రెండు కోటలు. ఒక్కొక్కడికి ఒక్కో వేషం: ఏనుగంత ఒళ్లుతో పెద్ద తుపాకీ మోసేవాడు, నిప్పు చిమ్మేవాడు, గాయాలు మాన్పేవాడు, చప్పుడు లేకుండా నడిచే బక్కోడు. ఎదుటివాళ్ల కోట లోపలి గదిలో నేల మీద ఒక గుండ్రం. అందులో నిలబడితే తెర మీద ఒక గీత నిండుతుంది. నిండేదాకా చావకుండా ఉంటే ఆ కోట మనది. అందరూ తుపాకులకు ఎగబడితే హుస్సేన్ వలి బక్కోడి వేషం తీసుకున్నాడు. కాల్చడం రాలేదు, నేర్చుకోలేదు. గోడవారనే నడిచాడు. ఎదుటివాళ్లు అతన్ని దాటుకుని పోయారు, ఊళ్లో జనం దాటుకుని పోయినట్టే. గీత నిండింది.

"ఎవర్రా లోపలికి పోయింది?" అని మహేశ్ అరిచాడు. జట్టంతా తిరిగి హుస్సేన్ వలి ముఖం చూసింది. అంతమంది ఒకేసారి తనను చూడటం అతనికి పెళ్లిలో కూడా జరగలేదు. ఆ తర్వాత అతను రాకపోతే వాళ్లు వీధి చివరిదాకా వచ్చి చూసేవాళ్లు.

చిక్కల్లా ఆళ్లగడ్డలో వచ్చింది. అక్కడి జట్టుతో పందెమని బస్సెక్కి పోయారు. రెండు జట్లూ ఒకే హాల్లో, మధ్యలో ఒక ప్లైవుడ్ చెక్క. హుస్సేన్ వలి బక్కోణ్ణి కోట దాకా నడిపించాడు. గది గడప వచ్చింది. దగ్గాడు.

చెక్క అవతల ఇమ్మానుయేలు, ఆళ్లగడ్డ జట్టు పెద్ద, చెవి రిక్కించాడు. మొదటిసారి ఊరుకున్నాడు. రెండోసారికి విషయం అర్థమైంది. ఆ తర్వాత దగ్గు వినిపించడం, అందరూ వాకిలి వైపు తుపాకులు తిప్పడం, బక్కోడు గడపలోనే కూలడం. "దగ్గులన్నా, లోపలికి రా, కాఫీ తాగుదువు," అని ఎగతాళి. నంద్యాల చిత్తుగా ఓడింది.

ఇవాళ ఆళ్లగడ్డ వాళ్లే నంద్యాల వచ్చారు. పరుపు కుట్టేసి, ఒళ్లు దులుపుకుని హుస్సేన్ వలి నెట్ సెంటరు గడప ముందర దగ్గి లోపలికి వచ్చాడు.

మహేశ్ ముఖం చిట్లించాడు. "అన్నా, ఉన్నమాట చెప్తాండా. ఈరోజు దగ్గితే ఇంక నీ సీట్లో షాకీర్ కూర్చుంటాడు. పిల్లోళ్లు ఒప్పుకోడంల్యా."

"దగ్గను," అన్నాడు హుస్సేన్ వలి. ఆ కుర్చీ పోతే ఊళ్లో తనకోసం ఎదురుచూసే చోటు ఇంకొకటి లేదు. తుండుగుడ్డను ఉండచుట్టి పళ్ల మధ్య కరిచిపట్టుకున్నాడు.

"ఏం దగ్గులన్నా, నోట్లో గుడ్డ పెట్టినారే, పురుడా?" అని ఇమ్మానుయేలు చెక్క మీదుగా తొంగిచూశాడు. హాలంతా నవ్వింది. హుస్సేన్ వలి కూడా గుడ్డ వెనక నవ్వాడు.

చెరొక ఆట గెలిచారు. ఆఖరిది మిగిలింది. ముందు వాకిట్లో మహేశ్ వాళ్లు తుపాకులతో గోల చేస్తుంటే, హుస్సేన్ వలి కోట కిందనుంచి పోయే మురుగు కాలవలోకి దిగాడు. చీకటి, మోకాటి లోతు నీళ్లు. దూరదారి, ఎవరూ రారు. కాలవ సగంలో ఉండగా ఛాతీలో ఏదో కదిలింది. గడప లేదు, వాకిలి లేదు. అయినా వచ్చింది. గుడ్డను తోసుకుని, మనిషిని ముందుకు వంచేసి, నుదురు మీటల పలకకు తగిలేదాకా వచ్చింది. తెర మీద బక్కోడు నీళ్లలో కదలక నిలబడిపోయాడు. మహేశ్ నెత్తి కొట్టుకున్నాడు.

"వాకిట్లో ఉండాడురా, పట్టండి," అని చెక్క అవతల ఇమ్మానుయేలు గొంతు.

ఆళ్లగడ్డ జట్టు మొత్తం వాకిట్లోకి ఉరికింది. లోపలి గది ఖాళీ అయింది.

దగ్గు అతన్ని వదిలాక హుస్సేన్ వలి కళ్లు తుడుచుకుని కాలవలోంచి గది వెనక వైపు మెట్లెక్కాడు. గది గడప వచ్చింది. దగ్గడానికి ఊపిరి మిగల్లేదు. ఊరికే లోపలికి పోయి గుండ్రంలో నిలబడ్డాడు. వాకిట్లో వెతుకుతున్న వాళ్లకు సంగతి తెలిసి వెనక్కి తిరిగేలోగా గీత నిండింది.

కుర్రాళ్లు అతన్ని కుర్చీతో సహా ఎత్తారు. "ఏం ప్లానన్నా, యాడ దాచినావింత తెలివి?" అని మహేశ్ వీపు చరిచాడు. ఇన్నేళ్లలో అతనికి తెలివుందని నింద వేసినవాళ్లు లేరు. అది నిజం దగ్గని చెబుదామని నోరు తెరిచాడు. వాళ్ల ముఖాలు చూసి మూశాడు.

బస్సు వేళకు ఇమ్మానుయేలు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అన్నా, నిజం చెప్పు. అది దొంగ దగ్గే కదా?"

"దగ్గులో దొంగ దగ్గు, దొర దగ్గు ఉంటాయా అప్పా," అన్నాడు హుస్సేన్ వలి. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఇమ్మానుయేలు మాత్రం అతని వైపు ఇంకాసేపు చూసి, "డాక్టరుకు చూపించుకోన్నా," అని బస్సెక్కడానికి పోయాడు.

పోతూపోతూ హుస్సేన్ వలి దేవరాజుతో అన్నాడు: "ఈ కుర్చీ గట్టిగుండాదప్పా. వచ్చే ఆదివారం మెత్త కుట్టుకొస్తా."

ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మహేశ్ వీధి చివరిదాకా పోయి చూసి వచ్చాడు. అతని ఇల్లెక్కడో ఎవరికీ తెలియదని అప్పుడే తెలిసింది. అతను ధర్మాసుపత్రిలో, ఒక మధ్యాహ్నం, నిద్రలోనే పోయాడు. పక్కనే కూర్చుని రొట్టె తుంచుతున్న పీరాంబీకి వెంటనే తెలియలేదు.

నెట్ సెంటరు కుర్చీ అని ఆసుపత్రిలో అతను అన్న ముక్క పట్టుకుని, నెల తిరిగాక ఆమె వెతుక్కుంటూ వచ్చింది. చంకలో గుడ్డసంచి.

"మా ఆయప్ప ఈడ పని చేస్తాండె కదా? ఏం పని?"

దేవరాజు మహేశ్ వైపు చూశాడు. మహేశ్ లేచి నిలబడి, "మా జట్టులో ఉండెనమ్మా," అన్నాడు. "ఆయప్ప లేకుంటే గెల్చేవాళ్లం కాము."

ఆమెకు అర్థం కాలేదు. అయినా ఏ కుర్చీ అని అడిగి, చూపిస్తే సంచి విప్పి, తెచ్చింది దాని మీద పెట్టి పోయింది.

చారల గుడ్డతో కుట్టిన చదరపు మెత్త. మూడు అంచులు దగ్గర దగ్గర కుట్లతో మూసుకున్నాయి. నాలుగో అంచు సగం దాకా వచ్చి ఆగింది. అక్కడే, మూరెడు దారంతో, సూది గుచ్చి ఉంది.