ఫోన్ గుంట గొంతు

పాచిపెంట కొండ మీది ఊళ్ళలో హేమలతను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తగ్గిపోయి ఏడాది దాటింది. సంతలో ఆమె నోరు విప్పితే చాలు, ముసలాళ్ళు చేతిలో పని ఆపి, "ఫోన్ గుంట వొచ్చింది" అంటారు, ఫోనులో మాట్లాడే పిల్ల అని.

అందులో వాళ్ళ తప్పేమీ లేదు. కిందటేడు జీడిపిక్కలు కొనే రైతుల సంఘం వాళ్ళు ఆమెను సాలూరులో ఒక మూసిన గదిలో పన్నెండు రోజులు కూర్చోబెట్టి, కొండ భాష కువిలోనూ తెలుగులోనూ మాటలు చదివించుకున్నారు. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా ఫోనులో మాట్లాడి డబ్బు కట్టుకోవాలన్నది వాళ్ళ ఆలోచన. ఒక ఏఐ ఏజెంటు రైతుకి ఫోన్ చేసి, సంఘం అమ్మే సరుకులు చెప్పి, ఏం కావాలో అడిగి, చెల్లింపు తయారు చేస్తుంది. రైతు నిజంగా ఒప్పుకున్నాడా లేదా అని రెండో ఏజెంటు ఆ మాటలు విని సరిచూస్తుంది. రెండూ సరేనంటే ఖాతాలోంచి డబ్బు వెళ్ళిపోతుంది. మధ్యలో మనిషి ఉండడు. మాట్లాడే ఏజెంటుకి హేమలత గొంతు పెట్టారు. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న పిల్లకి ఆ పన్నెండు రోజుల కూలి అప్పట్లో గొప్పగానే తోచింది.

మే నెలాఖరున చిన్నమ్మ అప్పలనర్సమ్మ ఒకసారి రమ్మని కబురు పెట్టింది. తల్లి పోయాక హేమలతను పెంచిన మనిషి ఆమే. హేమలత వెళ్ళేసరికి గుమ్మం ముందు, జీపువాడు దింపిపోయిన పెద్ద అట్టపెట్టె ఉంది. పెట్టె మీద పవర్ స్ప్రేయర్ బొమ్మ.

"ఏటి సిన్నమ్మా ఇది?"

"నాకేటి తెలుసే? నువ్వే గదా పంపినావు."

"నానా? నాను పంపడమేటి?"

"ఫోనులో సెప్పినావు. జీడితోటకి మందు కొట్టే మిషను, ఇంతవుతాది అని. నాను ఇన్నాను."

"ఇని ఏటన్నావు?"

"ఏటంటాను? ఎవులైనా సెప్తంటే ఊఁ కొడతాం గదా. ఊఁ అన్నాను."

చిన్నమ్మ కోపంగా చెప్పలేదు. అంబలి కాచానని చెప్పినట్టే చెప్పింది. పిక్కలమ్మిన ఆ డబ్బు ఇంటి మీదికి రేకుల కోసం దాచినది. పాత గడ్డికప్పు ఈ వానలకు ఆగదని ఇద్దరికీ తెలుసు.

"నువ్వేటి సేసినా నా మంచికే గదా అనుకున్నానే గుంటా," అంది చిన్నమ్మ.

తనకి ఏడుపు వస్తుందేమోనని హేమలత చూసింది. రాలేదు. తిమ్మిరెక్కిన కాలు గిల్లినా తెలియనట్టుగా ఉంది లోపలంతా.

మర్నాడు సాలూరు వెళ్ళింది. సంఘం ఆఫీసులో ధర్మతేజ అనే కుర్ర ఉద్యోగి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఆ ఫోన్ కాల్ వినిపించాడు. ముందు హేమలత గొంతు. ఆ మిషను తోటకి బాగుంటుందంటోంది. ఊఁ, అంది చిన్నమ్మ. ధర చెప్పింది. ఊఁ. నీ ఖాతాలోంచి కట్టేయమంటావా అమ్మా, అని అడిగింది. ఊఁ.

కింద రెండో ఏజెంటు రాసిన ముక్క తెర మీద కనిపిస్తోంది: మూడుసార్లు అంగీకారం, అనుమానం లేదు.

"అది ఒప్పుకోవడం కాదండి," అంది హేమలత. "వింటున్నానని చెప్పడం. కథ చెప్పినా ఊఁ అంటారు. చావు కబురు చెప్పినా ఊఁ అంటారు."

"నాకు తెలుసు మేడమ్. మా అమ్మమ్మా అంతే. దానికి తెలీదు కదా." గొంతు తగ్గించాడు. "మీ కొండ మీదే ఇలాంటివి ముప్ఫై దాకా వచ్చాయి. పెట్టె విప్పలేదంటున్నారు కాబట్టి వెనక్కి తీసుకోమని రాస్తాను. జీపు కిరాయి మాత్రం పోతుంది. కాస్త ఆలస్యమవుతుంది."

"నా గొంతు తీసేయండి."

అతను ఇబ్బందిగా కదిలాడు. "ఆ రోజు సంతకం పెట్టారు కదా మేడమ్. అదిప్పుడు సంఘానిది." కుర్చీలోంచి లేచి, "ఎలాగూ వచ్చారు, ఒక్క మాట చదివి వెళ్తారా? ఇక మీదట ఇలా జరక్కుండా ఉంటుంది," అన్నాడు.

అదే మూసిన గది. కాగితం మీద ఒకే వాక్యం: ఊఁ అంటే చాలదు, కట్టు అని చెప్పమ్మా. హేమలత చదివింది. కొంచెం ప్రేమగా చదవమన్నాడు ధర్మతేజ. మళ్ళీ చదివింది. పదకొండుసార్లు చదివినా ఆ మాట రాయి మీద రాయి పెట్టినట్టే పడింది.

"పర్లేదులెండి, ప్రేమ సాఫ్ట్‌వేరు కలుపుకుంటుంది," అన్నాడతను నొచ్చుకుంటూ. ఆ చదివినందుకు ఇచ్చిన డబ్బుతో హేమలత బజారులో ఒక నీలం టార్పాలిన్ కొని కొండెక్కింది.

జూన్ రెండో వారంలో వాన పట్టుకుంది. గడ్డికప్పు మీద టార్పాలిన్ పరిచి ఇద్దరూ తాళ్ళు బిగించారు. బిగిస్తూ, సాలూరులో జరిగిందంతా హేమలత చెప్పుకొచ్చింది. ఆఫీసు, కాల్, కుర్రాడు. సగంలో ఆగింది. చిన్నమ్మ వైపు నుంచి చప్పుడు లేదు.

"ఇంటన్నావా సిన్నమ్మా?"

అప్పలనర్సమ్మ ఆమెను చూసింది. పెదాలు బిగించి తల మాత్రం ఊపింది.

"ఊఁ అనవేటి?"

"ఇంటన్నాను. నోరిప్పితే మళ్ళీ ఏటొచ్చి పడతాదో."

"నాను ఫోను కాదు సిన్నమ్మా. నీ ఎదరే ఉన్నాను."

"గొంతొకటే గదే," అంది చిన్నమ్మ. నిష్ఠూరం లేదు ఆ మాటలో. తాడు కొస అందుకుని ముడి వేసింది.

హేమలత మిగతాది చెబుదామని చూసింది. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే మాట ముందుకు సాగదని అప్పుడే తెలిసింది. మానేసింది.

జూలైలో మిషను వెనక్కి వెళ్ళింది, కిరాయి పోను డబ్బు ఖాతాలో పడింది. అప్పటికి కొండదారి బురదైపోయి రేకుల జీపు ఎక్కలేదు. ఆ వానలన్నీ చిన్నమ్మ టార్పాలిన్ కిందే గడిపింది. ఒక మూల కారితే మంచం ఇంకో మూలకి జరుపుకుంది. ఆరోగ్యం చెడలేదు, అదొక్కటి నయం.

రేకులు దసరా వెళ్ళాక ఎక్కాయి. మేస్త్రి పైన మేకులు కొడుతుంటే హేమలత ఒక్కొక్క రేకే అందించింది. పని అయ్యాక చిన్నమ్మ సామన్నం, చింతపండు పులుసు వడ్డించింది. హేమలత రెండు ముద్దలు తిన్నది.

"ఉప్పెక్కువైనాదా?" అని అడిగింది చిన్నమ్మ.

హేమలత ఇంకో ముద్ద తిని చూసింది. నాలుక మీదా ఆనాటి తిమ్మిరే.

"తెలీడం లేదు సిన్నమ్మా," అంది.