వీధికంతటికీ ఒకటే గొడుగు

గురువారం పొద్దున్న హేమమాలి మిషను ముందు కూర్చుని ఎవరిదో స్కూలు గౌనుకి కాలరు కుడుతుంటే, మరణ సహాయ సంఘం కార్యదర్శి సుగతపాల గుమ్మంలో నిలబడి దగ్గాడు. వెనకాల నలుగురు మగవాళ్ళున్నారు.

"హేమక్కా, గొడుగు కావాలి. పద్నాలుగో నంబరు ఇంటి ముసలామె పోయి మూడు నెలలైంది కదా, శనివారం భిక్షువులకి దానం పెడుతున్నారు."

"తీసుకెళ్ళు తమ్ముడూ. కిందటిసారి కర్రకి పాలన్నం పూసి ఇచ్చారు, చీమలు పట్టాయి. ఈసారైనా తుడిచివ్వండి."

"తుడిపిస్తానక్కా. ఇంకోమాట, వచ్చే బుధవారం వెసక్ పౌర్ణమి. దన్సల పెట్టి దారినపోయే వాళ్ళందరికీ అన్నం వడ్డిస్తున్నాం. పొయ్యిలూ బల్లలూ అన్నీ దీని కిందే. ఇప్పుడే చెప్పేశాను, ఇంకెవరికీ మాటివ్వకు."

హేమమాలి సరేనంది. ప్రహరీ పక్కన చూరు కింద పడుకోబెట్టిన గొడుగుని నలుగురూ భుజాల మీదికెత్తుకున్నారు. అంతమంది రావడం బరువుకి కాదు. ఆ గొడుగు బరువు మొదట్లో ఎంతో ఇప్పుడూ అంతే. పొడుగుతోనే బాధ, సందు మలుపులో దాన్ని తిప్పాలంటే నలుగురు కావాలి. వసారాలో పేపరు చదువుతున్న ఆమె భర్త తిలకసిరి, వాళ్ళకి దారివ్వడానికి కాళ్ళు పైకెత్తి, మళ్ళీ దించాడు. పేపరు మాత్రం దించలేదు.

విప్పితే దాని కింద ముప్ఫైమంది హాయిగా కూర్చోవచ్చు. కొలంబోలో మరదాన రైలుపట్టాల పక్కనున్న ఆ వీధిలో చావుకీ, దానానికీ, పిల్లల పుట్టినరోజుకీ అదే పందిరి. అది ఎందుకంత పెద్దదయిందో పదేళ్ళు దాటిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఒక్కరూ ఆ ఇద్దరితో అనేవారు కాదు. ఆ వీధి వాళ్ళు మంచివాళ్ళే, కాదనను. కానీ ఊరికే వచ్చే పందిరిని ఎవరు పోగొట్టుకుంటారు?

ఆ గొడుగుని తిలకసిరి రైల్వేలో చేరిన కొత్తలో కొన్నాడు. రైళ్ళలో జనం మరిచిపోయిన సామాన్లన్నీ చేరే గదిలో అతను గుమాస్తా. ఎవరూ అడగడానికి రాని సామాన్లని ఏడాదికోసారి వేలం వేసేవారు. నల్లగుడ్డ, వంకర చెక్కపిడి, మామూలు గొడుగు. అంత మంచి గొడుగుని ఎవరు పోగొట్టుకున్నారో, ఎందుకు వెతుక్కోలేదో అతనికి ఎప్పుడూ అర్థమయ్యేది కాదు.

అప్పట్లో హేమమాలి తపాలా ఆఫీసులో పనిచేసేది. శనివారం ఒంటిగంటకి ఇద్దరికీ సెలవు. ఆఫీసునించి గాల్ ఫేస్ మైదానానికి నడిచి వెళ్ళి, సముద్రంకేసి తిరిగి గొడుగు విప్పుకుని కూర్చునేవారు. ఆ మైదానంలో జంటలకి మొహాలుండవు, గొడుగులే ఉంటాయి. రోడ్డు మీంచి చూస్తే వరసగా గొడుగుల వీపులు కనిపిస్తాయంతే. తెలిసినవాళ్ళెవరైనా అటు వస్తే తిలకసిరి గొడుగుని ఇంకాస్త కిందికి దించేవాడు.

ఆ రోజుల్లో వారం వారం గొడుగు చిన్నదయ్యేది. గుడ్డ నాసిరకందేమో, తడిసి ముడుచుకుంటోందని అనుకున్నారు. చివరికి రెండు తలలకి తప్ప పనికిరాకుండా పోయింది. ఒకసారి హేమమాలి అన్నయ్య ఆమెని వెతుక్కుంటూ మైదానమంతా తిరిగాడు. వీళ్ళ వెనకనించే రెండుసార్లు నడిచి వెళ్ళాడు. అంత చిన్న గొడుగు కింద ఇద్దరుంటారని అతనికి తోచలేదు. ఆ మర్నాడే తిలకసిరి గొడుగుని మరదాన పేవ్‌మెంటు మీద గొడుగులు బాగుచేసే మొహిదీన్ దగ్గరికి తీసుకెళ్ళి, కాస్త పెద్దది చెయ్యమన్నాడు. మొహిదీన్ ఊచలు నొక్కి చూసి, గుడ్డ వెలుగులో పట్టి చూసి, "దీనికేం జబ్బు లేదు బాబూ. ఇది ఇట్లా ఉన్నన్నాళ్ళు నా దగ్గరికి తేవద్దు" అని తిరిగిచ్చేశాడు.

పెళ్ళయ్యాక రైల్వే పాసొచ్చింది. ఉద్యోగికీ భార్యకీ కలిపి ఒకటే కాగితం. సెలవు కలిసొచ్చిన శనివారమల్లా ఆ కాగితం పట్టుకుని ఎక్కడికో అక్కడికి వెళ్ళిపోయేవారు. బెంతొటలో దిగి ఎండ్రకాయలు చూసి నవ్వుకోవడం, క్యాండీలో వానకి చిక్కుకుని చెప్పుల కొట్టులో సాయంత్రమంతా గడపడం, బండారవెల లాడ్జీలో ఒకరి కాళ్ళ జలగలు ఒకరు ఉప్పుతో రాల్చుకోవడం. నానుఓయ స్టేషనులో మంచు దిగి రైలు నాలుగు గంటలు రాలేదు. బల్ల మీద ఆ గొడుగు కిందే కూర్చుని, ఒక గ్లాసు టీ ఇద్దరూ తాగారు. రైలు ఇంకా ఆలస్యమైతే బావుండునని హేమమాలి మనసులో కోరుకుంది. ఆ మాట ఆమె ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

తర్వాత కూతురు పుట్టింది. గొడుగు కాస్త పెద్దదయింది. "చూశావా, ముగ్గురికీ సరిపోతోంది!" అని ఇద్దరూ మురిసిపోయారు. పాపం, పొరపాటు అక్కడే జరిగింది. పిల్లకి శనివారాలు ట్యూషను. అతన్ని మూడేళ్ళు గల్‌ఓయ జంక్షనుకి బదిలీ చేశారు. ఆమె ఉద్యోగం మానేసి ఇంట్లో కుట్టు క్లాసు పెట్టింది, అదీ శనివారాలే. గొడుగు ఏటా జానెడు పెరుగుతూ వచ్చింది. పెరిగిన కొద్దీ మంచిదే అనుకున్నారు. పక్కింటి వాళ్ళు మొదటిసారి పుట్టినరోజుకి అడిగి తీసుకెళ్ళినప్పుడు హేమమాలికి గర్వంగా కూడా అనిపించింది. కిందటేడు ఊచ వంగితే మొహిదీన్‌ని ఇంటికి పిలిపించింది. ముసలాడు ఊచ సరిచేసి, డబ్బులిస్తే తీసుకోకుండా తలవంచుకుని వెళ్ళిపోయాడు.

వాళ్ళు పోట్లాడుకోలేదు. పోట్లాడుకునేంత దగ్గరగా ఆ తర్వాతెప్పుడూ కూర్చోలేదు. బండారవెలలో తిలకసిరి అన్న చనిపోతూ చిన్న ఇల్లూ చిక్కుడు మడీ ఇతని పేర రాశాడు. నేను అక్కడికెళ్ళి ఉంటానన్నాడతను. నాకు క్లాసు ఉంది, చలి పడదు, నేనిక్కడే ఉంటానంది ఆమె. కర్టెను గుడ్డ ఏ రంగుదో తేల్చుకున్నట్టు పావుగంటలో తేల్చేసుకున్నారు. సోమవారం పొద్దున్న రైలుకి అతని ప్రయాణం.

ఆదివారం భోజనాలయ్యాక, దానం ఇంటినించి గొడుగు తిరిగొచ్చింది. తుడవలేదు. హేమమాలి తడిగుడ్డతో పిడి తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. ఆ పిడికి లోపలి వైపు ఆమె బొటనవేలు పట్టేంత నొక్కు ఉంది, తన చెయ్యి పడీ పడీ అరిగింది. ఎదురుగా అతని నొక్కు. రేపటినించి దీని రెండో పక్క ఎవరు పట్టుకుంటారు?

"ఏమండీ, మైదానానికి వెళ్దాం" అంది.

"ఇప్పుడా? ఎందుకు?"

"రొయ్యల వడలు తిందాం."

"సందు చివర అమ్ముతున్నారుగా."

"అవి ఇవీ ఒకటేనా? లేవండి."

ఎండ మండిపోతోంది, గొడుగు లేకుండా కుదరదు. బస్సులో పట్టదు. ఇద్దరూ నిచ్చెన మోసినట్టు భుజాల మీద పెట్టుకుని బయల్దేరారు. ముందు కొస అతను, వెనక కొస ఆమె. సందు మలుపులో నాలుగుసార్లు వెనక్కీ ముందుకీ జరిగి ఎలాగో తిప్పారు. వీధి వాళ్ళు తలుపుల్లోకొచ్చి చూశారు. ఆదివారం పూట వీళ్ళు గొడుగుని ఎక్కడికి మోసుకెళ్తున్నారో ఎవరికీ అంతుపట్టలేదు.

మరదాన వంతెన మీద అరిస్తేగాని మాట వినపడలేదు.

"ఉన్ని బనీన్లు పెట్టాను! సంచీలో కింద!" అని అరిచింది హేమమాలి.

"ఊరంతటికీ చెప్పు!" అని వెనక్కి తిరక్కుండానే అరిచాడు.

ఆటోవాడొకడు పక్కన నెమ్మది చేసి, "అంకుల్, గొడుగు మోస్తున్నారా, ఆంటీని కట్టి లాక్కెళ్తున్నారా?" అన్నాడు.

"ఆవిణ్ణి లాగడం నీ తరమా నా తరమా? పో!"

ఆ మాటకి హేమమాలి నవ్వింది. ఇంట్లో అతను వేళాకోళమాడి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తు రాలేదు. పెద్ద స్టేషను దగ్గర అతను ఆగి, తను పనిచేసిన గది కిటికీకేసి చూశాడు.

"ఎన్ని గొడుగులొచ్చేవో తెలుసా? వానాకాలంలో రోజుకి ముప్ఫై. జనం అన్నీ ఎక్కడో అక్కడ మరిచిపోతారు" అన్నాడు. అరవకుండానే అన్నాడు. ఆమెకి వినపడింది.

బేరా చెరువు గట్టు మీదికొచ్చేసరికి అతను తనలో తను గొణుక్కున్నట్టుగా, "నానుఓయలో టీ అమ్మినవాడికి ఒక చెవి లేదు" అన్నాడు. అదీ వినపడింది. హేమమాలి తలెత్తింది. అతని చొక్కా వీపు మీద చెమట మరక చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది. ఆమె గొడుగుకేసి చూసి, గబుక్కున చూపు తిప్పేసుకుంది. గొడుగు మాటెత్తితే, అది చిన్నదవడం ఆగిపోతుందేమోనని భయం.

"చెవి ఉంది. మఫ్లరు కట్టుకున్నాడు" అంది.

"లేదు. నేను చూశాను."

"మీరు నన్ను చూస్తూ కూర్చున్నారు, వాణ్ణెప్పుడు చూశారు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

మైదానంలో ఎప్పట్లాగే గాలిపటాలు, వడల బళ్ళు, సముద్రంకేసి గొడుగుల వరస. అంతా పాతికేళ్ళ లోపు పిల్లలు. వీళ్ళు గొడుగు విప్పారు. ఆరుగురికి సరిపోయేంతుంది. అలవాటు కొద్దీ అతనా కొసనా, ఆమె ఈ కొసనా కూర్చున్నారు. మధ్య గడ్డి మీద వడల పొట్లం పెట్టుకున్నారు. వెలగపండు రసం రెండు గ్లాసులు పెట్టుకున్నారు. సముద్రం మీద మబ్బు పట్టింది.

"అక్కడ మాట్లాడ్డానికి ఎవరూ లేరు" అన్నాడు తిలకసిరి ఉన్నట్టుండి. "అన్నయ్య లేడు. పక్క తోటవాళ్ళకి నేనెవరో తెలీదు."

"ఇక్కడ మాత్రం ఏం మాట్లాడారు గనక?"

"ఇక్కడ మాట్లాడకుండా ఉండటానికైనా ఒక మనిషి ఉంది."

హేమమాలికి ఏడుపొచ్చింది. ముప్ఫైమంది కింద కూర్చుని పాలన్నం తిన్న గొడుగు అది. దాని కింద తమ ఇద్దరూ ఎన్నేళ్ళుగా కూర్చోలేదో తల్చుకుంటే ఇంకా వచ్చింది.

"మరి నన్ను రమ్మని ఒక్కసారైనా అడిగారా?"

"నీకు చలి పడదన్నావు."

"పడదు. అడగచ్చుగా!"

వాన మొదలైంది. చినుకు ఆమె భుజం మీద పడితే లోపలికి జరిగింది. కాసేపటికి మళ్ళీ భుజం తడిసింది. మళ్ళీ జరిగింది. అటు అతనూ మోకాళ్ళు ముడుచుకుంటూ జరుగుతున్నాడు. వడల పొట్లం మధ్యలో ఇరుక్కుంటే తీసి ఒళ్ళో పెట్టుకుంది. గ్లాసులు బయటే ఉండిపోయి వాననీళ్ళతో నిండాయి.

"మొన్న పాసు రాయించడానికి వెళ్ళాను" అన్నాడు అతను. "ఒక్కరేనా అనడిగాడు గుమాస్తా. ఇద్దరం అన్నాను. నోటికి అదే అలవాటు. తర్వాత కొట్టేయించాల్సింది. కొట్టేయించలేదు." జేబులోంచి మడత కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. పోను రాను, ఇద్దరికీ. "హేమా, రేపు రా. మూడు రోజులు. మనం దిగిన ఆ లాడ్జీ ఉందో లేదో చూద్దాం. చిక్కుడు మడి పక్క తోటవాళ్ళకిచ్చేస్తాను. ఇల్లు ఉంచుకుందాం, శనివారాలకి."

"నా క్లాసు శనివారమే."

"ఆదివారానికి మార్చు."

ఆమె పాసు తడవకుండా జాకెట్లో దాచుకుంది. "ఉన్ని బనీను నాకూ ఒకటి కావాలి. మిమ్మల్ని నమ్ముకుంటే అంతే" అంది. అప్పటికి ఇద్దరి తలలూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. గొడుగు పెద్దది చేయించడానికి మొహిదీన్ దగ్గరికి తీసుకెళ్దామా అని అతనడిగితే, ఆమె మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

తిరుగు ప్రయాణం బస్సులోనే చేశారు. గొడుగు ఆమె ఒళ్ళో పట్టింది.

వీధి మొగలో సుగతపాల టేపు పట్టుకుని, తడిసిన రోడ్డు మీద దన్సలకి చోటు కొలుస్తున్నాడు. వానలో ఒకే ఒక చిన్న నల్ల గొడుగు నడిచి రావడం చూశాడు. ఇటు ఒక భుజం అటు ఒక భుజం కారిపోతున్నాయి.

"హేమక్కా... గొడుగేదీ?"

"ఇదే తమ్ముడూ."

అతను టేపు వదిలేశాడు. గొడుగుని చూసి, ఇద్దర్నీ చూసి, మళ్ళీ గొడుగుని చూశాడు. "అయ్యయ్యో! మరి బుధవారమో? వెయ్యిమందికి చెప్పానే!"

"బుధవారం మేం ఊళ్ళో ఉండం. టెంటు అద్దెకి తెచ్చుకో."

సుగతపాల వీధికేసి తిరిగి, "మన పందిరి పోయిందర్రోయ్!" అని కేకపెట్టాడు. టపటపా తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలాళ్ళు అందరూ గుమ్మాల్లోకొచ్చి చూస్తున్నారు. "ఇంత చిన్నదైపోయిందేంటమ్మా!" అని ఎవరో నిష్ఠూరమాడారు. ఇంకెవరో పకపకా నవ్వారు. పద్నాలుగో నంబరు అరుగు మీంచి ఎవరో ఈల కూడా వేశారు.

అంతమంది చూస్తుంటే హేమమాలికి సిగ్గు ముంచుకొచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, తల ఎటు తిప్పుకోవాలో తెలియక అతని భుజానికి ఆనించేసింది. తిలకసిరి ఒక్క మాటైనా అనకుండా గొడుగుని ఇంకాస్త కిందికి దించాడు.