మూడో పసరు

కామెర్ల పసరు మూడు పొద్దులు తాగాలి: ఆది, మంగళ, గురువారాలు. సూర్యుడు పొడవక ముందే, పరగడుపున, రోగే స్వయంగా వచ్చి చిన్నవ్వ చేతి మీదుగా తాగాలి. సారంగాపూర్ చుట్టుపక్కల అందరికీ తెలిసిన పద్ధతే. ఆ గురువారం తెల్లవారకముందే ఓదెలు కత్తి పట్టుకుని ఆమె పందిట్లో కూర్చున్నది ఆ నమ్మకంతోనే.

సకల జనుల సమ్మె నడుస్తోంది. కోరుట్ల బంద్ రోజున దేవేందర్ ఒక బ్రాందీ లారీ తగలబెట్టాడు. సిరిసిల్లలో ఉండే దాని యజమాని ఓదెలును పంపాడు. దేవేందర్ ఎక్కడ దాక్కున్నాడో తెలియలేదు. కళ్లు పచ్చబడ్డాయని, చిన్నవ్వ దగ్గర రెండు పొద్దులు పసరు తాగాడని, పోలీసుల భయంతో జగిత్యాల దవాఖానకు పోలేదని మాత్రం తెలిసింది. అది చాలు.

"నూరు, ముసల్దానా. అరిస్తె ముందుగాల నీ గొంతే కోస్త."

"నువ్వు సుత పసరు తాగరాదు కొడుకా? సారా తాగి తాగి మోరి వాసనొస్తున్నవ్."

"నా కార్జం గట్టిదే. నీ కార్జం సూసుకో."

తడిక తోసుకుని దేవేందర్ లోపలికి వచ్చాడు. గుంజ చాటు నుంచి ఓదెలు లేచాడు.

"కొడుకా," అంది చిన్నవ్వ మెల్లగా.

ఓదెలు తిరిగాడు. ముక్కులో చుక్కలు వేసే చేదుబీర రసం మూకుడు నిండా ఉంది. ఆమె దాన్ని అతని కళ్లలో కొట్టింది. పెడబొబ్బ పెట్టి గుడ్డిగా కత్తి తిప్పాడు. చిన్నవ్వ కుడి ముంజేయి ఎముక దాకా తెగింది. దేవేందర్ అతని నడుము పట్టుకున్నాడు. ముగ్గురూ రోలు మీద పడ్డారు. ఎడమ చేత్తో పొత్రం ఎత్తి చిన్నవ్వ కత్తి పట్టిన వేళ్ల మీద దించింది. పటపట విరిగాయి. మళ్లీ దించింది. కత్తి జారింది.

దేవేందర్ దాన్ని అందుకుని ఓదెలు గొంతు మీద పెట్టాడు.

"వాన్ని గుంజకు కట్టెయ్," అందామె, కొంగుతో చేయి బిగిస్తూ. "పొద్దు పొడుస్తున్నది."

పసరంతా మట్టిలో ఇంకిపోయింది. తూర్పు తెల్లబడుతోంది. ఆమె చేయి ఇక నూరలేదు. రోగికి ఆకు చూపిస్తే మందు పారదని చెప్పి అత్త ఒట్టు వేయించుకుంది. నలభై ఏళ్లు ఎవరికీ చూపలేదు.

దేవేందర్ కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

"గా గోడ కింద సన్న ఆకులున్నయి సూడు," అంది. "నేల ఉసిరి. ఏర్లతోని పీకు. జల్ది."