నీళ్ళు వద్దన్న గోడ

డ్రమ్ములో డబ్బా ముంచబోతున్న హనుమమ్మను ఓబన్న మేస్త్రి మళ్ళీ ఆపాడు.

"వద్దక్కా. ఈ గోడకు నీళ్ళు వద్దంట."

"మరి నేనేం సేయల్ల?"

ఓబన్న తాపీ చూసుకున్నాడు గానీ ఆమె మొహం చూడలేదు.

ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు పక్కన కడుతున్న ఈ ఇంటికి ఏదో కంపెనీ కొత్త ప్లాస్టరు మూటలు ఊరికే పంపింది. ఇసుక కలపనక్కర్లేదట, తడపనక్కర్లేదట. పనివాళ్ళు దాన్ని ఎలా వాడతారో చూడ్డానికి విఘ్నేష్ అనే ఉద్యోగిని కూడా పంపింది. అతను గడప దగ్గర కుర్చీ వేసుకుని, ఫోను చేత పట్టుకుని, "నేనిక్కడ లేననుకోండి. రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి" అన్నాడు. చూస్తే చాలట. చూసినందుకే జీతమట.

హనుమమ్మకు తెలిసిన పని గోడకు నీళ్ళు పట్టడమొకటే. మొగుడు చనిపోయిన ఏడాది చేతపట్టిన డబ్బా, అడుగున మేకుతో బొక్కలు పొడిచిన పాత పెయింటు డబ్బా, ఇంకా చేతిలోనే ఉంది. పని మిగిలితే దాన్ని డ్రమ్ము మూత మీదే వదిలి పోతుంది, తీరిపోతే ఇంటికి తీసుకుపోతుంది. మడమలు పగిలి, చీర అంచు ఎప్పుడూ తడిగా, వేళ్ళ కొసలు ముడతలు పడి ఉంటాయి. ఊళ్ళో కల్యాణమండపం గోడలు, బ్యాంకు మీద అంతస్తు, అన్నీ ఆమె నీళ్ళు తాగినవే. ఫలానా మేస్త్రి కట్టాడంటారు గానీ ఫలానా ఆవిడ తడిపిందని ఎవరంటారు? ఆమె సొంత ఇంటి గోడకు మాత్రం ఇంతవరకూ ప్లాస్టరే లేదు.

మధ్యాహ్నం ఓబన్న సద్ది తినడానికి పోయాడు. కుర్చీ కూడా ఖాళీగా ఉంది. పొద్దున పూసిన గోడ ఎండకు తెల్లబడిపోతోంది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. ఎండిన గోడను చూస్తూ కూర్చుంటే కూలి ఎట్లా ముట్టుకోవడం? డబ్బా నిండా ముంచి, పైనుంచి కిందకు హాయిగా పోసింది. రెండోసారి పోసేసరికి ప్లాస్టరు పిండిలా జారి ఆమె పాదాల మీద పడింది.

వెనక్కి తిరిగితే గడపలో విఘ్నేష్, ఫోను ఎత్తి పట్టుకుని.

"సూస్తాండావు గదప్పా, ఆపల్ల కదా?"

"మేం చెప్పకూడదమ్మా. చూడాలంతే." అతని గొంతులో సంతోషం దాగలేదు. "మంచిదే అయ్యింది. మూట మీద 'నీళ్ళు పోయొద్దు' అని ఎర్రటి అక్షరాలతో రాయిస్తాం."

"రోజూ సేసినట్టే సేయమన్నావు. నా రోజూ పని ఇదే గదా."

అతను ఫోనులో ఏదో రాసుకున్నాడు. ఓబన్న వచ్చాడు గానీ తిట్టలేదు. జారినదాన్ని గీకి, కొత్తది కలిపి పూశాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

సాయంత్రం కూలి చేతిలో పెడుతూ ఓబన్న అన్నాడు. "పైన గోడలు గూడా దీంతోనే అంట అక్కా. పని పడితే పిలుస్తాలే."

ఆ 'పిలుస్తాలే' ఎట్లాంటిదో హనుమమ్మకు తెలుసు. కాళ్ళు కడుక్కుంది, తలగుడ్డ విప్పి దులిపింది, రోడ్డెక్కింది.

"అక్కా, డబ్బా మర్సినావు," వెనకనుంచి ఓబన్న కేకేశాడు.

"ఉండనీలే అప్పా." ఆమె తిరిగి చూడలేదు.

డ్రమ్ము మూత మీద డబ్బా బొక్కల్లోంచి మిగిలిన నీళ్ళు కాసేపు కారి, ఆగిపోయాయి.