అల్లుడి వెనక మనుషులు

లారీ ఏటి ఒడ్డున ఆగింది. డ్రైవరు దిగి, లుంగీలా చుట్టుకున్న సులును మోకాళ్లపైకి ఎగదోసుకుని నీళ్లలోకి నడిచాడు. ఏటి మధ్య దాకా వెళ్లినా నీళ్లు పిక్కలు దాటలేదు. వెనక్కి తిరిగి కనుబొమలు ఎగరేశాడు. మా కొండల్లో అవునని చెప్పడానికి అది చాలు.

"అమ్మయ్య!" అంది లారీలో ఉన్న తోరికా.

ఆ అమ్మయ్య కోసం ఆమె ఫిబ్రవరి నుంచి కాచుకుని ఉంది. టికెట్లు చవగ్గా దొరికాయని అప్పుడొకసారి న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నుంచి మొగుణ్ణి, ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని ఫిజీ వచ్చింది. ఫిబ్రవరిలో, నడి వానల్లో! ఏరు ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. అవతల ఊళ్లో రేకుల కప్పులు కనిపిస్తుంటే నాలుగు రోజులు ఇవతల కూర్చుని, ముఖం వేలాడేసుకుని తిరిగి వెళ్లిపోయింది. "ఈ నీళ్లు తాగి పెరిగినదానివి, వానలెప్పుడో ఎండలెప్పుడో కూడా మరిచిపోయావుటే?" అని మేనత్త సెరెయీమా ఫోనులో పెట్టిన చీవాట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

ఇప్పుడు మే నెల. వానలు వెనకబట్టి పది రోజులైంది. దారిలో బురద పెచ్చులు కట్టింది, ఒడ్డున రెల్లు పూసింది, గాలిలో ఆ జిడ్డు పోయింది. ఏరు దారిచ్చింది సరే. తండ్రి ఇస్తాడా లేదా అన్నదే ఇక ఆమె దిగులంతా.

రుసియాతే కూతురితో మాట్లాడి తొమ్మిదేళ్లయింది. తెల్లవాణ్ణి చేసుకుందని కాదు ఆయన కోపం. ఆ అల్లుడు డంకన్‌కు అమ్మా నాన్నా ఎవరో తెలియదు, అనాథాశ్రమంలో పెరిగాడు. "ముందూ వెనకా ఎవరూ లేనివాడికి పిల్లనెలా ఇస్తాం? అడగడానికి ఎవరొస్తారు? రేపు దాన్ని ఏడిపిస్తే ఎవరింటికెళ్లి నిలదీయాలి?" అన్నాడాయన. అందులో అన్యాయమేమీ లేదు. కానీ తోరికా వింటేనా? సువా పట్నంలో పెళ్లి సంతకాలు పెట్టి విమానమెక్కేసింది.

కూతురి పిల్లలు మొదటిసారి ఊరికొస్తే, వాళ్ల తండ్రి తరఫువాళ్లు తిమింగలం పన్ను పట్టుకొచ్చి తాతకిచ్చి పిల్లల ముఖాలు చూపించాలి. ఆయన పన్ను అందుకుంటే పిల్లలిక ఊరివాళ్లు, ఏ పొయ్యి దగ్గరైనా కూర్చుని తినొచ్చు. అందుకోకపోతే అదే లారీ, అదే దారి. అందాకా పిల్లలు ఊరి నేల మీద కాలు పెట్టకూడదు.

లారీ ఏరు దాటి ఆగగానే డంకన్ దిగాడు. ఒడ్డున మేనత్త కొడుకు వైసాలే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమే తోరికా, నన్ను కాదని చేసుకున్నది ఈ కొంగనా?"

"సీమపనస కోయడానికి నిచ్చెన అక్కర్లేదు బావా. నీకైతే నిచ్చెన కింద పీట కూడా వెయ్యాలి."

"అయ్యో అయ్యో, సులుకి బెల్టు పెట్టాడే! ఊడిపోతుందని భయమా, లాగేస్తామని భయమా?"

తొమ్మిదేళ్ల తర్వాత బావ నోట ఎగతాళి వినేసరికి తోరికాకు సగం ప్రాణం లేచొచ్చింది. లారీలోంచి చిన్నది నెల్ అరిచింది. "అమ్మా, ఒంటేలొస్తోంది! దిగొచ్చా?"

"ఏటివైపు దిగు. ఊరివైపు కాదు."

పిల్లల్ని చెరో చంకనా ఎత్తుకునే డంకన్ ఊళ్లోకి వచ్చాడు. పెద్దింట్లో కొత్త చాపలు పరిచారు. పైవరసలో రుసియాతే, ఆయనకు అటూ ఇటూ వంశంవాళ్లు. కింద, గుమ్మం దగ్గర డంకన్. పొడుగాటి కాళ్లు మడవలేక మోకాళ్లు చెవులదాకా లేచాయి. పిల్లలు చెరో తొడ మీద, రెండు చేతుల్లో పన్ను. ఆడవాళ్ల మధ్య కూర్చున్న తోరికావైపు తండ్రి కన్నెత్తి చూడలేదు.

డంకన్ మూడు నెలలుగా ఊరి భాషలో బట్టీ పట్టిన మాటలు మొదలుపెట్టాడు. ముసలమ్మలు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. నాలుగు ముక్కలు బాగానే వచ్చాయి, అయిదోది రాలేదు. మొదటికెళ్లి మళ్లీ అక్కడే ఆగిపోయాడు.

రుసియాతే నోరు విప్పాడు.

"పిల్లల ముఖాలు తెచ్చేది ఒక్క మనిషి కాదు. ఇతని వెనక ఎవరున్నారు?"

వెనక అన్న మాట డంకన్‌కు తెలుసు. నిజంగానే వెనక్కి తిరిగి చూశాడు పాపం. గుమ్మం, మెట్టు మీద ఒక కోడి. మళ్లీ లారీయే అనుకుంది తోరికా.

అప్పుడు పైవరసలోంచి వైసాలే లేచాడు. పెద్దల ముందు ఒంగి ఒంగి చాపలన్నీ దాటి వచ్చి, డంకన్ వెనక చతికిలబడ్డాడు.

"నేనున్నాను మామయ్యా."

"నువ్వు మావాడివిరా. ఇటు రా."

"నేను మీ చెల్లెలి కొడుకుని. మేనల్లుణ్ణి. మీ ఇంట్లో ఏది కావాలంటే అది పట్టుకుపోవచ్చు, మీరు కిక్కురుమనకూడదు. పోయినేడు పందిని పట్టుకుపోయాను. మొన్న కొత్త గొడ్డలి పట్టుకుపోయాను. ఏమన్నా అన్నారా?"

"గొడ్డలికి మనసులో అనుకున్నాను" అన్నాడు రుసియాతే.

"ఇవాళ ఈ మనిషిని పట్టుకుపోతున్నాను. ఇతను నా తమ్ముడు. అంటే తోరికాకు బావే. వరస కూడా కుదిరింది, ఇంకేం కావాలి?"

ఇల్లంతా గొల్లున నవ్వింది. సెరెయీమా నడుం పట్టుకుని లేచింది. "కన్న నాకే తెలియకుండా నాకింకో కొడుకా! ఇంత పొడుగు వెధవని ఎప్పుడు కన్నానర్రా?" అని సణుక్కుంటూ పోయి కొడుకు పక్కన కూలబడింది. ఆమె వెనక ఆమె కోడలు, మనవలు, ఇద్దరు పక్కింటి ముసలాళ్లు. చూస్తుండగా డంకన్ వెనక గుమ్మం కనిపించకుండా పోయింది.

రుసియాతే ఆ గుంపును చూశాడు. పిల్లల్ని చూశాడు. తర్వాత రెండు చేతులూ చాచి పన్ను అందుకుని, వాసన చూసి, "పిల్లల ముఖాలు చూశాను" అన్నాడు. గుంట చేసిన అరచేతులతో అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు దిగొచ్చా?" అంది నెల్. ఎవరో అవునన్నారు. పిల్లలిద్దరూ కోడి వెంట పరుగు.

"ఏమన్నావు?" అని డంకన్ వైసాలేని ఇంగ్లీషులో అడిగాడు.

"నువ్వు నా తమ్ముడివన్నాను. గుర్తుపెట్టుకో, రేపు దుంపలు తవ్వాలి."

నలభై రెండేళ్ల డంకన్, అందరి ముందూ సులు అంచుతో ముఖం తుడుచుకున్నాడు. వైసాలే ఆ ఒక్కసారికి ఎగతాళి చెయ్యలేదు.

మధ్యాహ్నం నేలపొయ్యి తవ్వి పంది మాంసం, దుంపలు పైకి తీశారు. తోరికా అందరికీ వడ్డిస్తూ తండ్రి దగ్గరకొచ్చింది.

"తిరుగు టికెట్లు ఎప్పటికి?" అన్నాడాయన ఆకులోకి చూస్తూ. తొమ్మిదేళ్లలో మొదటి మాట.

"వచ్చే బుధవారానికి నాన్నా."

"నవంబరు దాకా వానలు పడవు."

"అవును."

"బుధవారం వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లొచ్చు. పిల్లలు వెళ్లరు."

"మరి నేను?"

ఆయన తలెత్తి కూతుర్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"ముందు నువ్వు కూర్చుని తిను. చిక్కి సగమైపోయావు."

పెళ్లినాటికీ ఇప్పటికీ తోరికా పద్నాలుగు కిలోలు పెరిగింది. తోరికా తండ్రి పక్కన చాప మీద కూర్చుని, ఏడుస్తూనే తినడం మొదలుపెట్టింది.