మాట ముందు, బొమ్మ వెనక

మస్కట్ నుంచి నీరజ ఫోన్ చేసి రెండే సంగతులు చెప్పింది. ఆయేషాకి తలలో నరం చిట్లింది. మధ్యాహ్నం దాటడం కష్టం.

ఐజాజ్ చేతిలోని స్పానర్ కింద పెట్టాడు. సత్తెనపల్లిలో అతనిది బైకుల రిపేరు షాపు. ఆయేషా అతని ఒక్కగానొక్క చెల్లెలు, మస్కట్‌లో నర్సు. నీరజ కూడా అదే ఆసుపత్రిలో నర్సు. నకరికల్లు పిల్ల. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు.

"డాక్టర్ని అడిగానన్నా. వీడియోలో ఇంటోళ్ళకి చూపించుకోమన్నాడు. అమ్మని చూడమను. త్వరగా," అంది నీరజ.

షాపు తెరిచి ఉండగానే ఐజాజ్ ఇంటికి పరిగెత్తాడు.

తల్లి ఖాతూన్ బీ తుంటి ఎముక విరిగి మంచాన పడి ఉంది. మంచం దింపడానికి వీల్లేదు. కళ్ళలో శుక్లాలు. పక్కింటి రామాయమ్మ ఆమెకు జావ తాగిస్తోంది. వార్త విని ఖాతూన్ బీ ఏడవలేదు. దుప్పటి అంచు పట్టుకుని నలుపుతూ పడుకుంది.

"దాన్ని చూడాల. చూసి చెప్పాల," అంది చివరికి.

ఏం చెప్పాలో ఐజాజ్‌కి తెలుసు. బిడ్డ పోయేముందు తల్లి తన పాలు మాఫ్ చేయడం, అంటే పాల రుణం తీరిపోయిందని చెప్పడం, వాళ్ళ ఇళ్ళలో ఆచారం. ఆ మాట దక్కకపోతే బిడ్డకు అవతల నిమ్మళం ఉండదంటారు. ఆయేషాని తన తమ్ముడి కొడుక్కి ఇస్తానని ఖాతూన్ బీ మాచర్ల వెళ్ళి మాట ఇచ్చి వచ్చింది. ఆయేషా ఆ పెళ్ళి వద్దని విమానం ఎక్కేసింది. అప్పుడు ఫోన్‌లో తల్లి అన్న మాట ఇది: "నా పాలు నీకు మాఫ్ చెయ్యను పో."

ఆ తర్వాత తల్లి కూతురితో మాట్లాడలేదు. ఆయేషా ఐజాజ్‌కే ఫోన్ చేసేది. పెట్టేసే ముందు ప్రతిసారీ అడిగేది, "అమ్మీ ఏమన్నా అన్నదా భాయ్?"

"అంటదిలే," అనేవాడు.

"ఫోన్లోనే చెప్పెయ్ అమ్మీ," అన్నాడు ఇప్పుడు. "నీరజ దాని చెవి దగ్గర పెడతది."

"కాదురా. తిట్టటం ఫోన్లో తిట్టినా. మాఫీ అట్టా కాదు. ముఖం చూసి చెయ్యాల. చూడకుండా చేస్తే చెల్లదు."

ఐజాజ్ తన ఫోన్‌లో వీడియో పెట్టి చూశాడు. ఆ సందులో సిగ్నల్ మాటకు సరిపోతుంది, బొమ్మకు చాలదు. మసగ్గా ఏదో మెదిలి ఆగిపోయింది. ఖాతూన్ బీ ఫోన్‌ను ముక్కు దాకా తెచ్చుకుంది.

"ఇందులో ఉండేది బిడ్డో గొడ్డో నాకేం తెలుస్తది?"

గదిలో ఓ మూల గుడ్డ కప్పిన కంప్యూటర్ ఉంది. ఆయేషా నర్సింగ్ చదివే రోజుల్లో కొన్నది. పెద్ద తెర. ఇంట్లో ఇంటర్నెట్ మాత్రం లేదు.

కేబుల్ ఆఫీసులో నెట్ కనెక్షన్లు ఇచ్చే గోపీచంద్ బైకు ఐజాజ్ షాపులోనే బాగవుతుంది. సంగతి విన్నవెంటనే అతను చేతిలో పని వదిలేసి వచ్చాడు. సందు చివరి స్తంభం మీద పెట్టెలోంచి సన్నటి నల్ల తీగ లాగి, కిటికీలోంచి లోపలికి ఇచ్చాడు.

"మిగిలిన వైరు చుట్టి పక్కన పెట్టన్నా. నేను డబ్బా తగిలిస్తా," అన్నాడు.

డబ్బా అంటే రౌటర్. తీగ గుచ్చి కరెంటు ఇచ్చాడు. ఎర్ర లైటు మిణుకుమంది. పచ్చగా మారాల్సింది మారలేదు. గోపీచంద్ తీసి మళ్ళీ గుచ్చాడు. ఎరుపే. డబ్బా మార్చాడు. ఎరుపే. స్తంభం దగ్గరికి పరిగెత్తి నిచ్చెన ఎక్కి, పెట్టె చూసి దిగాడు. అక్కడ అంతా సవ్యంగానే ఉంది.

"ఏందిరా అబ్బాయ్, లైటుకి రంగులేస్తన్నావా?" అంది రామాయమ్మ.

గోపీచంద్ కిందకు వంగాడు. తీగ వెంట వేలు నడుపుతూ కిటికీ దాకా వచ్చి ఆగాడు. మిగిలిన తీగను ఐజాజ్ రెండు మడతలు పెట్టి, ఇనుప కడ్డీకి బైండింగ్ వైరుతో బిగించి కట్టాడు. మెకానిక్ కట్టిన కట్టు. చీమ దూరేంత సందు లేదు.

"ఇది బ్రేక్ వైరు కాదన్నా," అన్నాడు గోపీచంద్ నెమ్మదిగా. "లోపల గాజు పోగుంటది. దాంట్లో వెలుతురు పోవాల. మడిస్తే విరుగుద్ది."

ఐజాజ్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

గోపీచంద్ విరిగిన ముక్క కోసేసి, తీగను మళ్ళీ అతికించాడు. తొందరపడితే అతుకు నిలవదు. ఐజాజ్ ఫోన్ మోగింది.

"ఎంతసేపన్నా?" అంది నీరజ. "బీపీ పడిపోతంది."

"వస్తంది. వస్తందమ్మా."

లైటు పచ్చబడింది. గోపీచంద్ రౌటర్ నుంచి కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి మీట నొక్కాడు. తెర వెలిగింది. పేజీ మాత్రం తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాడు. లేదు. తెర అడుగున తేదీ చూసి నాలుక కరుచుకున్నాడు. లోపలి సెల్లు చచ్చిపోయి, కంప్యూటర్ ఎప్పటిదో తేదీ చూపిస్తోంది. తేదీ తప్పయితే వీడియో పేజీ లోపలికి రానివ్వదు. సరిచేశాడు.

ఈసారి తెరుచుకుంది. తెర మీద ఆసుపత్రి పొడవాటి వరండా, ఊగుతూ.

స్పీకర్లు లేవు, మైకు లేదు, కెమెరా లేదు. చూడటం వరకే కంప్యూటర్. మాటకు ఐజాజ్ ఫోన్. అటు నీరజ చేతిలోనూ రెండు ఫోన్లు, వీడియోకి ఆయేషాది, మాటకు తనది. అతను దాన్ని చెవికి ఆనించుకున్నాడు.

"ముఖం దగ్గరే పట్టుకున్నానన్నా. కనపడతందా?" అంది నీరజ.

తెర మీద మాత్రం ఇంకా వరండాయే ఊగుతోంది.

"బొమ్మ వెనకబడి వస్తందన్నా," అన్నాడు గోపీచంద్. "పాత మిషను కదా, మెల్లగా మింగుతంది. ఫోన్లో మాట ముందొస్తది, బొమ్మ తర్వాతొస్తది."

తెర మీద తలుపు తెరుచుకుంది. మంచం కనిపించింది. ముఖం కనిపించింది.

గోపీచంద్ తెరను రెండు చేతులతో ఎత్తి తెచ్చి ఖాతూన్ బీ ఒడి ముందు పట్టుకున్నాడు. రామాయమ్మ ఆమె వీపు కింద చెయ్యి వేసి లేపింది. నోట్లో గొట్టం, నుదుటి మీద పట్టీ. రొమ్ము లేస్తోంది, పడుతోంది. ఖాతూన్ బీ వేళ్ళతో తెర మీద ముఖాన్ని తడిమింది.

"జుట్టెవరు కత్తిరించారు దీనికి?"

"ఆపరేషన్‌కి తీశారు అమ్మీ."

"నడుం దాకా ఉండేది."

"చెప్పు వదినా," అంది రామాయమ్మ. "జుట్టు సంగతి తర్వాత. ముందు ఆ మాట చెప్పు."

ఖాతూన్ బీ పెదవులు కదిలాయి. మాట రాలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. అప్పుడే ఐజాజ్ చెవిలో సన్నటి కూత మొదలైంది. ఆసుపత్రి మిషన్ కూత. ఆగకుండా మోగుతోంది. ఎవరో ఇంగ్లీషులో ఏదో అరిచారు. అడుగుల చప్పుడు. తర్వాత నీరజ గొంతు, చాలా దగ్గరగా.

"అన్నా. పోయిందన్నా."

తెర మీద రొమ్ము లేచింది. పడింది. మళ్ళీ లేచింది.

ఐజాజ్ గోపీచంద్ వైపు చూశాడు. ఫోన్‌లోని కూత అతనిదాకా వచ్చింది. తెరను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కిందకు దించలేదు.

"ఫోన్ ఇటియ్యరా," అంది ఖాతూన్ బీ.

ఐజాజ్ కూత వచ్చే చోట వేలు అడ్డం పెట్టి, ఫోన్‌ను ఆమె నోటి దగ్గర పెట్టాడు. చెవికి తగలనివ్వలేదు.

"బేటీ," అంది ఆమె తెర మీద ముఖంతో. "దూద్ బఖ్ష్ దియా. నా పాలు నీకు మాఫ్ చేసినా. ఆ పొద్దు కోపంలో అన్నా. విన్నావా? మాఫ్ చేసినా తల్లీ."

రొమ్ము ఇంకొక్కసారి లేచింది. పడింది. మళ్ళీ లేవలేదు. తెల్ల కోట్లు అడ్డం వచ్చాయి. బొమ్మ గోడ వైపు తిరిగి అక్కడే ఆగిపోయింది.

"విన్నది," అంది ఖాతూన్ బీ. "చూసినారా? విని పోయింది."

రామాయమ్మ ఏడుస్తూ తలూపింది. ఖాతూన్ బీ కొడుకు ముఖం వైపు అనుమానంగా చూసింది. తర్వాత గోపీచంద్ వైపు తిరిగింది.

"వాడు నా కొడుకు, నాకు నచ్చిందే చెప్తాడు. నువ్వు చెప్పు అబ్బాయ్. నా మాట అందిందా దానికి?"

గోపీచంద్ తెరను మంచం పక్కన దించాడు.

"మాటెప్పుడూ ముందే పోతది పెద్దమ్మా," అన్నాడు. "వెనకబడేది బొమ్మే."

ఖాతూన్ బీ అప్పుడు ఏడ్చింది.

ఆయేషాను అక్కడే ఖననం చేశారు. మూడో రోజు జియారత్ ప్రార్థనలకు ఇల్లు నిండింది. వచ్చిన ప్రతివారికీ ఖాతూన్ బీ అదే చెప్పింది. తను ఎట్లా మాఫ్ చేసిందో, ఆ మాట కోసమే ఊపిరి ఎట్లా ఆపుకుని ఉన్నదో, అది విన్నాకే ఎట్లా వదిలిందో. చెప్పిన కొద్దీ ఆమె గొంతు కుదుటపడుతోంది. మాచర్ల తమ్ముడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఫోన్ మోగితే ఐజాజ్ సందులోకి వచ్చాడు. నీరజ.

"వచ్చే నెల లీవు దొరికిందన్నా. దాని పెట్టె తెస్తన్నా. అమ్మ కాళ్ళ మీద పడాల. ఆ రోజు ఆయేషా ఒక్క నిమిషం నిలబడతదని చానా చూశాం. ఆమె గొంతు ఫోన్లో వినపడేసరికే..."

"నీరజా."

"చెప్పన్నా."

"నువ్వు మా ఇంటికి రావద్దమ్మా."

"ఎందుకన్నా?" అంది నీరజ.

"తప్పు నీది కాదు. దాన్ని ఆఖర్న కనిపెట్టుకుని ఉన్నది నువ్వే. కానీ మా అమ్మ నిన్ను అడుగుద్ది. నువ్వు అబద్ధం ఆడలేవు. నేనే నకరికల్లు వచ్చి పెట్టె తీసుకుంటా."

నీరజ అంది, "నాగ్గూడా ఆమెని ఒక్కసారి చూడాలని ఉందన్నా. ఆయేషా రోజూ చెప్పేది ఆమె గురించి."

"తెలుసమ్మా."

"సరేన్నా," అని పెట్టేసింది.

కిటికీ కడ్డీకి తను కట్టిన బైండింగ్ వైరు ముక్క ఇంకా వేలాడుతోంది. ఐజాజ్ దాన్ని విప్పడానికి చెయ్యి పెట్టాడు. లోపల ఎవరో కొత్తగా వచ్చినట్టున్నారు. ఖాతూన్ బీ మళ్ళీ మొదటి నుంచి చెబుతోంది.

"నమ్మకపోతే వాణ్ణి అడుగు. ఫోన్ పట్టుకున్నది వాడే. ఒరేయ్ ఐజాజూ, ఇట్టా రా. విన్నదా లేదా, చెప్పు వీళ్ళకి."

ఐజాజ్ లోపలికి వెళ్ళాడు.

"విన్నది అమ్మీ," అన్నాడు.