నాలుగో నట్టు

నవంబరు పద్దెనిమిదో తేదీ, మంగళవారం. ఆ మధ్యాహ్నం పక్కింటి నసీమా పంపిన మెంతికూర ఖీమాతో మూడు చపాతీలు తిన్నాను. మామూలుగా రెండే తింటాను. తేదీ ఇంత బాగా గుర్తుండడానికి కారణం, మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఆమె భర్త గులాం మొహమ్మద్ కుడికంటికి శుక్లం ఆపరేషన్. అతన్ని నా కారులో తీసుకెళ్తానని మాటిచ్చాను.

ఆ ఆపరేషన్ అప్పటికే రెండుసార్లు తప్పిపోయింది. మొదటిసారి గులాంకి పొద్దున్నే జ్వరం వచ్చింది. పదింటికల్లా తగ్గిపోయింది. రెండోసారి ఆటో గుమ్మం ముందుకొచ్చాక, తిరిగొచ్చేటప్పుడు కుదుపులకి కంట్లో పెట్టిన లెన్సు కదిలిపోతుందట అని కూర్చుండిపోయాడు. ఈలోగా ఎడమకన్ను కూడా మబ్బేసింది. కిందటి నెల డాబా దిగుతూ, ఆఖరి మెట్టు అయిపోయిందనుకుని అడుగేసి పడ్డాడు. మోచెయ్యి చీరుకుంది.

"మీ కారైతే ఆయనకి వంక దొరకదు అన్నయ్యగారూ," అంది నసీమా. ఆమె నన్ను అన్నయ్య అంటుంది కాబట్టి గులాం నాకు బావ. ఓడరేవు పక్కన, మా ఊరి పాతపట్నంలో ఒకే గోడకి అటూ ఇటూ పాతికేళ్ళుగా ఉంటున్నాం.

కారు నిజానికి నా భార్య సుధారాణిది. తనే నడిపేది, నేను పక్కన కూర్చుని పేపరు చదివేవాణ్ణి. తను పోయి ఆరేళ్ళయింది. ఆ తర్వాతే నేను డ్రైవింగు నేర్చుకున్నాను. ఆయిలు మార్చడం, ప్లగ్గులు తుడవడం కూడా నేర్చుకున్నాను. ఆదివారాలు గడవడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియలేదు.

మూడింటికి కారు తుడుద్దామని బయటికొస్తే వెనక ఎడమ టైరు నేలకంటుకుపోయి ఉంది. స్టెపినీ ఉంది, జాకీ ఉంది. పావుగంట పని అనుకున్నాను. నట్ల దగ్గరికొచ్చేసరికి నా తెలివి నాకే ఎదురొచ్చింది. మా ఊరి ఉప్పుగాలికి ఏ ఇనుమైనా తుప్పు పడుతుంది. అందుకని కిందటి వేసవిలో, ఫిషింగ్ హార్బరు జగ్గయ్య తన బోటుకి వేయగా మిగిలిన నీలం పెయింటు ఇస్తే, చక్రాలకి రెండు పూతలు పూశాను. నట్లనీ వదల్లేదు. సముద్రాన్నే ఆపే పెయింటు. ఇప్పుడది నట్ల మీద తోలులా బిగుసుకుని స్పానర్ని లోపలికి పోనివ్వడం లేదు.

మూడు నట్లు ఓపిగ్గా గీకి విప్పాను. నాలుగోదానికి ఓపిక అయిపోయింది. ఒక సైజు పెద్ద స్పానరు తగిలించి, దాని మీద కాలేసి తొక్కాను. టప్పుమని జారింది. మోకాలు చెక్కుకుపోయింది. చూస్తే నట్టు మూలలన్నీ పోయి వాడేసిన సబ్బుబిళ్ళలా ఉంది. టార్కు గురించి, అంటే తిప్పే బలం గురించి, ముప్ఫైనాలుగేళ్ళు కాలేజీలో పాఠం చెప్పినవాడి నిర్వాకం ఇది.

ఆటోనగర్‌లో మెకానిక్ కన్నబాబుకి ఫోన్ చేశాను. రేపు మధ్యాహ్నం గానీ రాలేనన్నాడు.

నసీమా గుమ్మంలోకొచ్చి ఒక్క చూపుతో సంగతంతా గ్రహించింది. గొంతు తగ్గించి, "ఆయనకి సెప్పకండి," అంది.

చెప్పాల్సిన పని లేకపోయింది. గులాం అప్పటికే గోడ పట్టుకుని వస్తున్నాడు. చూపు తగ్గినకొద్దీ అతని చెవులు పదునెక్కాయి.

"ఏటి బావా, ఆ సౌండేటి?"

"నట్టు అరిగిపోయింది."

"అయ్యో," అన్నాడు. అంత సంబరంగా అయ్యో అనగలిగిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. "మరి రేపటి పెయానం లేనట్టేనా? సర్లే, ఏటి సేత్తాం. కారుకి బాగోకపోతే మనిషేటి సేత్తాడు. నసీమా, బావకి టీ ఎట్టు."

నసీమా ఆటో మాట కూడా ఎత్తలేదు. లోపలికెళ్ళి టీ తెచ్చి, నాకొకటీ అతనికొకటీ ఇచ్చి, గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె మణికట్టు మీద లోహపు గాజు ఒకటి వంగిపోయి ఉంది. అతను పడబోతే పట్టుకున్నప్పటిది కాబోలు.

గులాం స్టూలు మీద కూర్చుని టీ ఊదుకుంటూ తాగాడు. అతను కుట్టుమిషన్ల మెకానిక్. కురుపాం మార్కెట్ దగ్గర చిన్న గదిలో నలభై ఏళ్ళు కూర్చుని, తలలు అరిగిన బియ్యపుగింజంత స్క్రూలు విప్పినవాడు. పాడైన వస్తువు పక్కన ఊరికే కూర్చోలేడు. కప్పు కింద పెట్టి చెయ్యి చాపాడు. వేళ్ళు చక్రం మీద వెతుక్కుని నట్టు దగ్గర ఆగాయి.

"బోటు పెయింటు పూసినావా?"

"పూశాను."

"నట్టుక్కూడానా?"

"రెండు పూతలు."

"సదువుకున్నోడివి బావా," అన్నాడు జాలిగా. వేలికొస నట్టు చుట్టూ నెమ్మదిగా తిరిగింది. "రెండు మూలలు బతికే ఉన్నాయి. ఇది వచ్చెత్తాది."

అనేశాక ఆగిపోయాడు. నట్టు వస్తే ఏమవుతుందో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. చెయ్యి వెనక్కి తీసుకుని లుంగీకి తుడుచుకున్నాడు. ఓడరేవులో ఏదో ఓడ హారన్ కొట్టింది.

"నలభై ఏళ్ళు సూది కన్నం సూసిన కళ్ళివి," అన్నాడు కాసేపటికి. "మబ్బుగా ఉన్నా నా సొంతం. ఇందులో కత్తెడితే ఈ కాత్త ఎలుగూ పోతే?"

డాక్టరు చెప్పినవన్నీ నాకు నోటికొచ్చు. అతనికీ వచ్చు. "నేను ఆ గది బయటే కూర్చుంటాను. పేపరు కూడా తెచ్చుకోను," అన్నాను.

అతని వేళ్ళు మళ్ళీ నట్టు మీదికి వెళ్ళాయి. ఆ తర్వాత, "నసీమా, నా సంచీ ఒకసారి అట్టుకురా," అన్నాడు.

సంచీ ఎక్కడుందో ఆమె వెతుక్కోలేదు. అంత త్వరగా వచ్చింది.

పాత బ్లేడుతో పెయింటు గీకాడు. మిషను నూనెడబ్బాలో కిరసనాయిలు పోసి నట్టు చుట్టూ చుక్కలు వేశాడు. చిన్న సుత్తితో తలుపు తట్టినట్టు తట్టాడు. ఇక లాగుదామా అని నేను లేస్తే కూర్చోమన్నాడు.

"కంగారెట్టకు. దానికీ భయమే. టైమివ్వాలి."

అరగంట ఇచ్చాం. తర్వాత ఆకురాయి తీసి, ఎదురెదురుగా రెండు వైపులా నట్టుని చదును చేశాడు. కళ్ళు మూసుకునే రాశాడు, రెండు రాపిళ్ళకొకసారి బొటనవేలితో చూసుకుంటూ. నా పనిముట్లలోంచి, నట్టుని టోపీలా కప్పే సాకెట్టు ఒక సైజు తక్కువది తీసి దాని మీద పెట్టి సుత్తితో దిగ్గొట్టాడు. పిడి నా చేతికిచ్చాడు.

"ముందు బిగించు."

"విప్పాలి కదా?"

"పాఠం నువ్వు సెప్తావా, నాను సెప్పనా? దారప్పోగంత బిగించు. అప్పుడు ఇప్పు. కాలెట్టకు."

బిగించాను. విప్పాను. ఎండుకొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడై నట్టు కదిలింది. గులాం సాకెట్టు మీద చెయ్యి వేసే ఉన్నాడు. అది తిరుగుతున్నంతసేపూ అతని పెదాలు కూడా కదిలాయి.

నసీమా కొంగుతో ముఖం తుడుచుకుని ఖాళీ కప్పులు తీసుకుని లోపలికెళ్ళింది.

మార్కెట్లో కొత్త నట్టు దొరికింది. స్టెపినీ వేసి నాలుగూ బిగించేసరికి దీపాలు పెట్టేవేళ అయింది. గులాం ఒక్కో నట్టూ తడిమి చూసి తలూపాడు. మూడోదాని దగ్గర, నా వైపు తిరక్కుండానే, "ఎన్నింటికి బయల్దేరాల?" అన్నాడు.

"ఏడుంబావుకి."

"గుంతలకాడ మెల్లగా తోలు."

"తోలతాను."

లేచి, గోడ పట్టుకుని వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాడు. "నసీమా, ఆ సుక్కల మందు ఎయ్యి. రెండు పూటలది ఎగ్గొట్టాను. డాక్టరుకి సెప్పకు," అనడం వినిపించింది. ఆమె నవ్వింది. ఆ ఇంట్లోంచి ఆ నవ్వు విని చాలా రోజులయింది.

నేను కుళాయి దగ్గర చేతులకంటిన నీలం పెయింటు వదల్చుకుంటూ ఉండిపోయాను. తొమ్మిదింటికి నేను మళ్ళీ బయటికొచ్చేసరికి వాళ్ళ ముందుగదిలో లైటు ఆరింది. నసీమా గుమ్మంలోకొచ్చి, పడుకున్నాడన్నట్టు చెంప కింద అరచెయ్యి పెట్టి చూపించింది. నేను తలూపాను. ఆమె తలుపు రెక్క కొంచెం పైకెత్తి పట్టుకుని, కీచుమనకుండా మెల్లగా దగ్గరికి వేసింది.